పట్టీ ఆకుల నాచు దొరికిందా? అది వాలిస్నేరియానా, బ్లిక్సానా ఎలా తేల్చుకోవాలి, హైదరాబాద్ చుట్టూ ఎక్కడ వెతకాలి

నీళ్ల లోపల పెరిగే ప్రతి పచ్చటిదాన్నీ మనం నాచు అనేస్తాం. శంకర్‌పల్లి దాటాక ఒక కుంట గట్టు మీద కూర్చుని తెల్ల ట్రేలో ఆకులు పరుస్తుంటే వల భుజాన వేసుకుని వచ్చిన పెద్దాయన కాసేపు చూసి, "గది నాచే గదా తమ్మీ, వలకు చుట్టుకుంటది, దాన్నేం జేస్తవ్?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, వలకు అన్నీ ఒకేలా చుట్టుకుంటాయి. కానీ ఆ ట్రేలో ఆ రోజు నాలుగు రకాల మొక్కలున్నాయి, అందులో ఒకటి నేను అంతకుముందు ఒకే ఒక్కసారి చూసిన బ్లిక్సా అనే పట్టీ ఆకుల మొక్క. అది కూడా పైకి చూస్తే రిబ్బన్‌లాంటి ఆకులుండే ఇంకో నీటిమొక్క, వాలిస్నేరియాలాగే ఉంటుంది, అందుకే చాలామంది చేతిలోకి వచ్చినదాన్ని గుర్తు పట్టకుండానే తిరిగి నీళ్లలో పడేస్తారు. ఈ రెండింటి మధ్యా, వాటిలా కనిపించే ఇంకో రెండింటి మధ్యా తేడా తెలుసుకోవడానికే ఇది రాస్తున్నాను. నీళ్ల మొక్కల మీద ఇష్టమున్నవాళ్లు ఈ సీజన్‌లో ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్తాను.

ముందు "అరుదు" అన్న మాట గురించి. బ్లిక్సా ప్రపంచంలో అంతరించిపోతున్న మొక్క కాదు, ఆసియాలో చాలా చోట్ల వరి మళ్లలో, గుంటల్లో పెరుగుతుంది. నేను అరుదు అంటున్నది మన నగరం చుట్టుపక్కల లెక్కలో. తేటనీళ్లు ఉండే లోతు తక్కువ కుంటలు పోతున్న కొద్దీ ఇలాంటివి కంటికి కనిపించడం తగ్గిపోతోంది. నిజంగా ప్రపంచ స్థాయిలో ప్రమాదంలో ఉన్నది ఆల్డ్రొవాండా, నీళ్లలో తేలుతూ చిన్న చిన్న పురుగుల్ని పట్టి తినే మొక్క. దాని గురించి కింద చెప్తాను, ఎందుకంటే "ఆల్డ్రొవాండా దొరికింది" అనుకుని సంబరపడేవాళ్లు ప్రతి ఏడాదీ కనీసం ఒకరిద్దరు నాకు తగులుతారు.

మొక్క చేతికి రాగానే అందరూ చేసే పొరపాటు ఆకు అంచు చూడటం. అంచున సన్నటి పళ్లు ఉన్నాయి కాబట్టి వాలిస్నేరియా అనేస్తారు. అంచు పళ్లతో ఏమీ తేలదు, బ్లిక్సాకు కూడా ఉంటాయి. ఆకు పొడుగు కూడా వదిలేయండి, నీళ్ల లోతును బట్టి ఒకే మొక్క జానెడూ ఉండొచ్చు, మీటరూ ఉండొచ్చు. చూడాల్సింది మూడు చోట్ల: అడుగున, కొసన, పూవు దగ్గర.

అడుగు అంటే వేళ్ల దగ్గర. మొక్కను లాగేయకుండా, వేళ్లతో బురదను మెల్లగా తడుముతూ పక్కకు వెళ్లండి. వాలిస్నేరియా అయితే బురద మీదుగా తెల్లటి దారంలాంటి తీగ ఒకటి వేలికి తగులుతుంది, దాని వెంట వెళ్తే పక్కన పిల్లమొక్క, దాని పక్కన ఇంకోటి, స్ట్రాబెర్రీ తీగలు పాకినట్టు. ఒక్కదాన్ని కదిపితే పక్కవి కదులుతాయి. మన దగ్గర దొరికే గుత్తి రకం బ్లిక్సాకు ఈ పాకే తీగ ఉండదు. ఒక్కో మొక్క ఒక్కో గుత్తి, ఉల్లినారులా విడివిడిగా ఊడి వస్తుంది. నా లెక్కలో ఇదే అన్నిటికంటే గట్టి గుర్తు, ఎందుకంటే పూలు లేని నెలల్లో కూడా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: మొదటి మొక్కకు తీగ కనబడలేదని తీర్పు ఇవ్వకండి, లాగేటప్పుడు తెగిపోతుంది. మూడు నాలుగు మొక్కల చుట్టూ తడమండి.

కొస చూడటానికి ఆకును తెల్ల ట్రేలో నీళ్లలో తేలనివ్వండి, గాలిలో పట్టుకుంటే ముడుచుకుపోయి ఏమీ తెలియదు. వాలిస్నేరియా ఆకు రిబ్బన్‌లా చివరిదాకా దాదాపు ఒకే వెడల్పులో వచ్చి మొద్దుగా, గుండ్రంగా ఆగుతుంది. బ్లిక్సా ఆకు అడుగు నుంచి సన్నబడుతూ సూదిమొనలా ముగుస్తుంది, మధ్య ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. ముదురు ఆకుల కొసలు చేపలు కొరికో, ఎండకో పాడై ఉంటాయి కాబట్టి గుత్తి మధ్యలో లేత ఆకులు చూడండి.

పూవు దొరికితే ఇక అనుమానం ఉండదు, పైగా చూడటానికి అంత బాగుండేది నీళ్లలో ఇంకోటి లేదంటాను. వాలిస్నేరియాలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడపూవు సన్నటి పొడుగాటి కాడ మీద నీటి పైదాకా వచ్చి, నీటి చర్మం మీద చిన్న గుంట చేసుకుని కూర్చుంటుంది. మగపూలు మొక్క అడుగున ఒక సంచిలో వందల కొద్దీ ఉంటాయి, అవి తెగిపోయి పైకి తేలి, గాలికి పడవల్లా జారుకుంటూ వచ్చి ఆ గుంటలో పడతాయి. పరాగం అందాక ఆ కాడ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని కాయను కిందికి లాగేసుకుంటుంది. మీకు చుట్టలు తిరిగిన కాడ కనిపిస్తే అది వాలిస్నేరియానే. నార్సింగి వైపు పొద్దున ఎనిమిది గంటలకు ఒకసారి ఒడ్డున పడుకుని మరీ చూశాను, నీటి మీద పిండి చల్లినట్టు మగపూలు, అంతకంటే ఏమీ కనబడలేదు, లెన్స్ పెట్టాకే ఒక్కోటీ పూవని తెలిసింది. బ్లిక్సాకు చుట్టలు ఉండవు. గొట్టంలాంటి పొర లోంచి పూవు బయటికి వస్తుంది, మూడు తెల్లటి రేకులు, ఒక్కోటి దారప్పోగంత సన్నం. కాయ ఆ గొట్టంలోనే నిటారుగా నిలుస్తుంది. ఇందులో కొన్ని జాతుల్ని విడదీయాలంటే ఆ కాయ చీల్చి గింజ చూడాల్సిందే: కొన్నిటి గింజలకు రెండు కొసలా తోకలుంటాయి, కొన్నిటికి ఉండవు. ఆకులు చూసి జాతి పేరు చెప్పేవాళ్లను నమ్మకండి.

ఈ గందరగోళం కొత్తదేం కాదు. కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా ఇప్పుడు మనం బ్లిక్సా ఆక్టాండ్రా అంటున్నదాన్ని మొదట వాలిస్నేరియాలోనే చేర్చాడు. నెకమాండ్రా అనే ఇంకో మొక్కకూ అదే జరిగింది. అదీ ఇలాంటి సన్నాకులదే, కాకపోతే ఆకులన్నీ అడుగు నుంచి గుత్తిగా రాకుండా పొడుగాటి కాండం మీద ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి, ఆ ఒక్క తేడాతో పక్కన పెట్టేయొచ్చు. ఇవన్నీ ఒకే కుటుంబం, హైడ్రిల్లా కూడా వీటి బంధువే.

మూడో అనుమానితురాలు లేత ఒట్టేలియా. ముదిరాక దాన్ని ఎవరూ పొరబడరు, కాడ మీద వెడల్పాటి పల్చటి ఆకు, వెలుగు అవతలికి కనబడుతుంది, పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది, నీటి మీద మూడు రేకుల తెల్లటి పూవు, దాని కింద రెక్కలు తీరిన పొర. కానీ మొలిచిన కొత్తలో దాని ఆకులు కూడా సన్నగా, కాడ లేకుండా, అచ్చం బ్లిక్సాలాగే ఉంటాయి. ఆగస్టులో చూసిన మొక్క మీద నేను ఏ నిర్ణయమూ చెప్పనిది అందుకే. ఆ చోటు గుర్తు పెట్టుకుని రెండు మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లండి, ఒట్టేలియా అయితే అప్పటికి వెడల్పాకు వేసేస్తుంది.

నాలుగోది ఐసోయెటిస్, అసలు పూవే పూయని మొక్క, ఫెర్నులకు దూరపు చుట్టం. దక్కన్‌లో వానకు నిండి ఎండకు ఎండే గుంటల్లో కోరమాండల్ పేరుతోనే ఒక జాతి ఉంది. దూరం నుంచి చూస్తే గడ్డి గుత్తి. ఆకును బ్లేడుతో అడ్డంగా కోసి లెన్స్‌తో చూడండి, గుండ్రటి కోతలో నాలుగు గాలి గదులు కనిపిస్తే అది ఐసోయెటిస్. ఆకు మొదలు చెంచాలా వెడల్పై, లోపల బీజాల సంచి ఉంటుంది. వాలిస్నేరియా, బ్లిక్సా ఆకులు చదునుగా ఉంటాయి కాబట్టి ఈ ఒక్క కోతతో అనుమానం తీరిపోతుంది.

ఇక కాండం పొడవునా చిన్న ఆకులుండే మొక్కల గుంపు. మీది పట్టీ ఆకులది కాకపోతే ఇక్కడ చూసుకోండి, త్వరగా చెప్పేస్తాను. కణుపు కణుపుకీ మూడు నుంచి ఎనిమిది దాకా చిన్న ఆకులు, చేతికి గరుకుగా తగిలితే హైడ్రిల్లా, మన చెరువుల్లో అన్నిటికంటే ఎక్కువ దొరికేది ఇదే. ఆకులు ఒకటి రెండుసార్లు చీలి, గట్టిగా ఉండి, మొక్కకు వేళ్లే లేకపోతే సెరటోఫిల్లం. అక్వేరియం షాపుల్లో దొరికే కబొంబా ఆకులు కాడ మీద విసనకర్రలా చీలి ఎదురెదురుగా ఉంటాయి. నలిపితే వెల్లుల్లిలాంటి ఘాటు వాసన వచ్చి, సున్నం పూసినట్టు గరగరలాడితే కారా, అది మొక్క కాదు, ఆల్గే. ఎదురెదురు సన్నాకులతో పట్టుకోగానే తునకలయ్యేది నాజాస్. దారాల్లాంటి ఆకుల మధ్య ఆవగింజలంత సంచులు వేలాడుతుంటే యుట్రిక్యులేరియా, ఆ సంచి ఒక్కోటీ సెకనులో వెయ్యో వంతు పాటి సమయంలో నీళ్లతో పాటు పురుగును లోపలికి పీల్చేసుకుంటుంది.

ఆల్డ్రొవాండా అనుకునేది చాలాసార్లు ఈ చివరిదే, లేదంటే సెరటోఫిల్లం. ఆల్డ్రొవాండాకు సంచులు ఉండవు, ప్రతి ఆకు కొసనా రెండు చిప్పల బోను ఉంటుంది, ఆల్చిప్పలా మూసుకుంటుంది, దాని చుట్టూ పొడుగాటి ముళ్లవెంట్రుకలు. భారతదేశం నుంచి వెళ్లిన నమూనాతోనే 1696లో ప్లకెనెట్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు దీని గురించి మొదటిసారి రాశాడు. కానీ మన దేశంలో ఇది బెంగాల్, మణిపూర్ వైపు పేరు విన్న మొక్క. హైదరాబాద్‌లో దొరికిందనిపిస్తే ఎవరికీ చెప్పకముందు లెన్స్‌తో బోను ఫోటో తీయండి. రెండు చిప్పలు కనబడని ఫోటోకు ఏ నిపుణుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

ఎక్కడ వెతకాలన్న దానికి ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి: నీళ్ల అడుగున పెరిగేదానికి వెలుతురే ప్రాణం. మురుగు చేరి నీళ్లు పచ్చగా మారితే, లేదా గుర్రపుడెక్క పైన కప్పేస్తే అడుగున చీకటి, అంతే సంగతులు. బంగారుతీగ చేపలు ఎక్కువ వదిలిన కుంటలో కూడా ఇదే పరిస్థితి, అవి తిండి కోసం అడుగు బురదను కెలుకుతూనే ఉంటాయి, లేత మొక్కలు ఊడిపోతాయి, నీళ్లు ఎప్పుడూ కలకగానే ఉంటాయి. అందుకే చెరువు దగ్గరికి వెళ్లగానే నేను మొక్కల్ని వెతకను, తెల్ల ప్లేటుకు తాడు కట్టి నీళ్లలోకి వదులుతాను. మోకాలి లోతులో ప్లేటు కనబడకుండా పోతే ఆ రోజు ఇంకో కుంటకు వెళ్లిపోతాను. నడుం లోతులోనూ తెల్లగా కనబడితే చెప్పులు విప్పి దిగుతాను.

ఈ లెక్కన హుస్సేన్ సాగర్‌ను లిస్టులోంచి తీసేయండి. 16వ శతాబ్దంలో తవ్విన ఆ చెరువంటే నాకు ప్రాణం, కానీ ఈ పనికి కాదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నయం. ముఖ్యంగా నీళ్లు వెనక్కి తగ్గే కాలంలో ఒడ్డు వెంట లోతు లేని చోట్ల వాలిస్నేరియా, హైడ్రిల్లా బాగా దొరుకుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది గండిపేటే, అంటే ఉస్మాన్ సాగరే, బస్సులో వెళ్లి రావచ్చు, ఒక్క పూటలో నాలుగైదు రకాలు చూసి చేతికి అలవాటు చేసుకోవచ్చు. అరుదైనది దొరుకుతుందన్న ఆశతో మాత్రం వెళ్లకండి. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చోటు, పక్షుల కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ, కానీ చుట్టూ ఇళ్లు పెరిగిపోయాక అక్కడ దొరికే ప్రతి మొక్క దగ్గరా ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఇది ఇక్కడిదేనా, ఎవరైనా ఇంట్లో అక్వేరియం ఖాళీ చేస్తూ పారేసిందా? షాపుల్లో అమ్మే వాలిస్నేరియా, ఎజీరియా, కబొంబా అలా చెరువుల్లోకి చేరడం కష్టమేం కాదు. కాలనీల పక్కనున్న చెరువులో కొత్త మొక్క దొరికితే సంబరపడే ముందు ఈ అనుమానం రాసి పెట్టుకోండి. మీ ఇంట్లో అక్వేరియం ఉంటే తీసేసిన మొక్కల్ని ఎండబెట్టి చెత్తలో వేయండి, దయచేసి చెరువులో వద్దు.

సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యంలో నీళ్లు చాలా బాగుంటాయి, కానీ అది మొసళ్ల కోసం కాపాడుతున్న చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా ఏమీ తీయకూడదు, నీళ్లలో కాలు పెట్టనే కూడదు. ఒడ్డు నుంచి చూసి ఫోటోలు తీసుకునేవాళ్లకు సరే.

నా ఓటు మాత్రం చిన్న వాన కుంటలకు. వికారాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఊళ్ల బయట, మురుగు కాలువ చేరని, పైన పొలాలు తక్కువగా ఉన్న కుంటలు. ఏటా ఎండాకాలం ఎండిపోతాయి కాబట్టి పెద్ద చేపలు నిలవవు, నీళ్లు తేటగా ఉంటాయి, ఎండిన బురదలో గింజలు పడి ఉండి వాన రాగానే మొలుస్తాయి. నేను బ్లిక్సా చూసిన రెండుసార్లూ ఇలాంటి చోటే, మోకాలి లోతు నీళ్లలో, మెత్తటి బురద కాకుండా ఇసుక కలిసిన అడుగున. బండరాళ్ల మీద గుంటల్లో నిలిచే వాననీళ్లు కూడా వదలకండి, ఐసోయెటిస్ కావాలంటే అక్కడే. జులైలో కుంటలు నిండినా అప్పుడు నీళ్లు ఎర్రగా ఉంటాయి. దసరా దాటి నీళ్లు తేరుకున్నాక, సంక్రాంతి లోపల వెళ్లండి. మార్చికి చాలావాటిలో ఏమీ మిగలదు. ఒంటరిగా వెళ్లకండి, తుమ్మచెట్ల కింద మడుగులు ఎంత లోతో పైనుంచి తెలియదు. ఊళ్లో ఎవరినైనా "అన్నా, ఈ కుంట ఎంత లోతు?" అని అడిగి దిగండి.

పేరు ఖాయం చేసుకోవడానికి దారులు కూడా ఒకటికి మూడు ఉన్నాయి. ఫోన్‌లో మొక్కను గుర్తించే యాప్‌లు నేలమీది చెట్లకు బాగానే పనికొస్తాయి, ఈ పట్టీ ఆకుల విషయంలో మాత్రం చాలాసార్లు వాలిస్నేరియా దగ్గరే ఆగిపోతాయి. మొక్కలు, జీవుల ఫోటోలు పెట్టి పేరు అడిగే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టడం మంచిదే, ఎందుకంటే అక్కడ చూసేది మనుషులు, కానీ వాళ్లు చూడటానికి మీరు ఏమిచ్చారన్నదే ముఖ్యం: ఒక్క ఫోటో కాకుండా అడుగు, కొస, పూవు, స్కేలు పక్కన పెట్టి మొత్తం మొక్క, చివరగా ఆ కుంట. అన్నిటికంటే గట్టిది ఎండబెట్టిన నమూనా, ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల్ని దాచే చోటు) ఉంది, భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం మన నగరంలోనే ఉంది. ముందుగా రాసి అడిగి వెళ్లండి, నమూనా పట్టుకుని నేరుగా గేటు దగ్గర నిలబడొద్దు.

ఇలాంటి మొక్కను మామూలుగా పేపర్ల మధ్య పెడితే తడి జుట్టులా అతుక్కుని ముద్దయిపోతుంది. నేను మొదటిసారి తెచ్చిన బ్లిక్సాను అలాగే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చేయాల్సింది ఇది: వెడల్పాటి ట్రేలో రెండు వేళ్ల లోతు శుభ్రమైన నీళ్లు పోసి, మొక్కను అందులో తేలనివ్వండి. దళసరి తెల్ల కాగితాన్ని నీళ్లలో మొక్క కిందికి జారవేసి, పుల్లతో ఆకుల్ని సర్దుతూ, ఒక అంచు నుంచి మెల్లగా పైకెత్తండి. నీళ్లు జారిపోతుంటే ఆకులు ఎలా విప్పుకుని ఉన్నాయో అలాగే కాగితానికి అతుక్కుంటాయి. పైన పాత మెత్తటి నూలు గుడ్డ పరిచి, న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి బరువు వేయండి, మొదటి వారం రోజూ పేపర్లు మార్చండి, లేదంటే బూజు పడుతుంది.

ఎన్ని తీయాలి అంటారా? చుట్టుపక్కల ఇరవై మొక్కలు లెక్కపెట్టగలిగితే ఒకటి. అంతకంటే తక్కువుంటే ఏమీ తీయకుండా ఫోటోలు, ఒక ఆకు కొస, వీలైతే రెండు ముదురు కాయలు. కాయల్ని చిన్న సీసాలో స్పిరిట్ పోసి వేయండి, గింజల తోకలు అందులో బాగా నిలుస్తాయి. చీటీ మీద తేదీ, ఊరు, కుంట పేరు, నీటి లోతు, అడుగు ఇసుకా బురదా అన్నది పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.